ఆరేళ్ళ పాప మొదటి స్కూల్ ట్రిప్: కొత్తవాళ్ళ గురించి ఏం చెప్పి పంపాలి?

తూనీగ_అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకు ఆరేళ్ళు. వచ్చే వారం స్కూలు వాళ్ళు జూకి తీసుకెళ్తున్నారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తారు. సెలవుల్లో రెండు రాత్రుల క్యాంపు కూడా ఉందట, దానికింకా పేరివ్వలేదు.

నా బాధేంటంటే మా పాపకు కొత్త అనేది లేదు. లిఫ్టులో ఎవరెక్కినా పలకరిస్తుంది. పార్కు బెంచీ మీద ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళకి ఇంట్లో సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది. "తెలియనివాళ్ళతో మాట్లాడకూడదమ్మా" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. మొన్న టికెట్ కౌంటర్ దగ్గర ఒకాయన్ని ఏదో అడుగుతుంటే చెయ్యి లాగి "ఆయన నీకు తెలుసా?" అంది. తెలియదన్నాను. "మరి నువ్వు మాట్లాడుతున్నావుగా!" అంది. నా దగ్గర జవాబు లేదు.

మావారు పంపిద్దామంటున్నారు. మా అత్తగారు వద్దంటే వద్దంటున్నారు. నాకు పంపాలనే ఉంది కానీ ఒకటే టెన్షన్. పాపను హడలగొట్టకుండా ఎలా చెప్పాలి? స్కూలు వాళ్ళను ఏమేం అడగాలి?

పెద్దరికం

పంపకండి. ఆరేళ్ళ పిల్లకి మీరు లేకుండా జూ ఏంటి? ఓ ఆదివారం మీరే తీసుకెళ్ళండి. ఇప్పుడు వెళ్ళకపోతే మించిపోయేదేం లేదు.

బెల్లు_కొట్టారు

టీచర్‌ని. చిన్న తరగతులే చెప్తాను, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడం నా పనిలో భాగం. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఏమనుకోకండి.

పంపండి. కానీ పంపేముందు స్కూల్లో అడగాల్సింది "పిల్లల్ని జాగ్రత్తగా చూసుకుంటారా?" అని కాదు. దానికి ఎవరైనా "చూసుకుంటామండీ" అనే అంటారు. "మా పాప ఏ టీచర్ గ్రూపులో ఉంది? ఆ గ్రూపులో ఎంతమంది?" అని అడగండి. పేరు చెప్పగలిగితే వాళ్ళు పని చేసి ఉంచుకున్నట్టు. "అందరం ఉంటాం కదండీ" అన్నారంటే అక్కడే ఆగి ఇంకో నాలుగు ప్రశ్నలు వెయ్యండి. అందరూ చూస్తారులే అనుకున్న పిల్లను ఎవరూ చూడరు. అరవై మందికి ఆరుగురు పెద్దవాళ్ళు కలిపి ఉండటం వేరు, పదేసి మందికి ఒక్కొక్కరు చొప్పున ఉండటం వేరు. లెక్క ఒకటే, జరిగేది మాత్రం ఒకటి కాదు. అసలు ఆరేళ్ళ పిల్లలకు పదిమందికి ఒకరు కూడా చాలరు. ఇంగ్లండ్ విద్యాశాఖ 1998లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చిన్న తరగతుల పిల్లలకు ఆరుగురికి ఒక పెద్ద ఉండాలని రాశారు. ఆ సంఖ్యను గీటురాయిగా పెట్టుకుని మీ స్కూలు ఎంత దూరంలో ఉందో చూసుకోండి.

రెండోది, పిల్లలు ఎక్కడ తప్పిపోతారు? బోను ముందు సింహాన్ని చూస్తున్నప్పుడు కాదు. అప్పుడు అందరూ ఒక్కచోటే ఉంటారు, టీచర్ల కళ్ళూ వాళ్ళ మీదే ఉంటాయి. ఒకచోటు నుంచి ఇంకోచోటుకు కదిలేటప్పుడే తప్పిపోతారు. బస్సు దిగేటప్పుడు, టాయిలెట్‌కి వెళ్ళొచ్చేటప్పుడు, తినడం అయ్యాక చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు, తిరుగు ప్రయాణంలో అందరూ అలిసిపోయి గేటు దగ్గర గుంపుగా నిలబడ్డప్పుడు. కొత్తవాడు ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ఆ గందరగోళంలో ఎవరికీ కనపడదు. అందుకే "టాయిలెట్‌కి ఎలా తీసుకెళ్తారు?" అని అడగండి. ఒక టీచర్ లోపల ఎవరూ లేరని చూసి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, ఒకేసారి ముగ్గురు నలుగుర్ని పంపి, మిగతావాళ్ళను రెండో టీచర్ దగ్గర కూర్చోబెడుతుందా? లేక "వెళ్ళి రా నాన్నా" అని వేలు చూపిస్తుందా?

మూడోది హెడ్‌కౌంట్. తల లెక్క ఒక్కటే సరిపోదు, పేరు పెట్టి పిలవాలి. ఒక ట్రిప్‌లో నేనే చూశాను. మాదీ పసుపు టోపీ, అదే రోజు వచ్చిన ఇంకో స్కూలుదీ పసుపు టోపీ. మా టీచర్ వరసలో తలలు లెక్కపెడితే సరిగ్గా వచ్చింది. పేర్లు పిలుస్తుంటే ఒక పేరుకు ఎవరూ పలకలేదు, వరసలో మాత్రం ఒక బాబు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. వాడు ఆ స్కూలు వాడు. మావాడు అక్కడి వరసలో హాయిగా నిలబడి ఉన్నాడు. లెక్కకు లెక్క సరిపోయింది, పిల్లలే మారిపోయారు.

తూనీగ_అమ్మ

అమ్మో, టోపీల సంగతి చదువుతుంటేనే గుండె జారిపోయింది. మా స్కూల్లోనూ ఒకే రంగు టోపీలు ఇస్తారు. గ్రూపుల సంగతి రేపే అడుగుతాను. పాపకు ఏం చెప్పాలో కూడా ఎవరైనా చెప్పండి.

రాత్రి_డ్యూటీ_నాన్న

మీ పాప అడిగిన ప్రశ్నలోనే మీ జవాబుంది. "తెలియనివాళ్ళతో మాట్లాడొద్దు" అనే నియమం పెద్దవాళ్ళమే పాటించం. ట్రిప్‌కి వెళ్తే గైడ్, బస్సు డ్రైవర్, కౌంటర్లో అమ్మాయి, అందరూ కొత్తవాళ్ళే. వాళ్ళతో మాట్లాడమని టీచరే చెబుతుంది. రోజంతా తప్పాల్సిన నియమం సరిగ్గా అవసరమైన ఆ ఒక్క నిమిషంలో పిల్లకు గుర్తుకొస్తుందా?

ఇంకో చిక్కు. ఈ వయసు పిల్లల్ని "తెలియనివాడు అంటే ఎవరు?" అని అడిగి చూడండి. గడ్డం, ఎర్ర కళ్ళు, పెద్ద సంచీ అంటారు. నవ్వుతూ, పేరు పెట్టి పిలిచి, కుక్కపిల్లను చూపించే మనిషి వాళ్ళ లెక్కలో తెలియనివాడు కాదు. రెండు నిమిషాలు మాట్లాడితే తెలిసినవాడైపోయాడు.

1981లో అమెరికాలో పోష్, బ్రవర్, స్వేరింజన్ అని ముగ్గురు పరిశోధకులు బడికి ముందు వయసు పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. పిల్లలకు తెలియని మనిషిని (వాళ్ళు పెట్టిన మనిషే) పంపి మూడు రకాలుగా పిలిపించారు. ఊరికే "నాతో అలా నడిచొస్తావా?" అని ఒకసారి, "మీ టీచర్ సరేనన్నారు" అని ఒకసారి, "నా కారులో నీకో బహుమతి ఉంది" అని ఒకసారి. నేర్పకముందు పిల్లలు ఇట్టే బయలుదేరారు. తర్వాత వాళ్ళకు నేర్పింది చాలా చిన్న విషయం. "ఊహూ, మా టీచర్‌ని అడగాలి" అని చెప్పి వెంటనే టీచర్ దగ్గరికి వెళ్ళిపోవడం. అంతే. ఆ మనిషి మంచివాడా చెడ్డవాడా అని తేల్చే పని పిల్ల నెత్తిన పెట్టలేదు.

అదే దారిలో 1988లో ఇంకో అధ్యయనం వచ్చింది. వీడియో చూసి, ఆ తర్వాత నటించి సాధన చేసిన పిల్లలు, వీడియో మాత్రమే చూసినవాళ్ళ కన్నా, మామూలుగా క్లాసులో చెప్పించుకున్నవాళ్ళ కన్నా బాగా చేశారు. కాబట్టి మీరు ఎంత చెవిలో పోరినా లాభం తక్కువ. ఆడించాలి.

గోరింటాకు

రాత్రి_డ్యూటీ_నాన్న గారు చెప్పినట్టే మా ఇంట్లో చేశాం. ఎలా చేశామో రాస్తాను, పనికొస్తుందేమో.

మా వాడికి ఒక్కటే మాట నేర్పాను: "ముందు టీచర్‌ని అడగాలి." ఇంట్లో అయితే "ముందు అమ్మని అడగాలి." ఎక్కడికైనా వెళ్ళాలన్నా, ఎవరిదగ్గరైనా ఏదైనా తీసుకోవాలన్నా, ఎవరికైనా సాయం చెయ్యాలన్నా అదే మాట. తెలిసినవాళ్ళయినా సరే.

మా చెల్లెలిని పిలిచి ఆట మొదలెట్టాం. హాల్లో సోఫా టీచర్, బాల్కనీ గేటు అవతల కారు. మా చెల్లి వంగి, నవ్వుతూ, "నా కుక్కపిల్ల తప్పిపోయిందిరా కన్నా, చిన్నది, తెల్లగా ఉంటుంది. కాస్త వెతికిపెడతావా?" అంది. మా వాడు ఒక్క క్షణం ఆలోచించి, "ఏం పేరు?" అన్నాడు! మాటల్లో పడిపోయాడన్నమాట. మళ్ళీ మొదటి నుంచి ఆడాం. ఈసారి "టీచర్‌ని అడగాలి" అన్నాడు కానీ అక్కడే నిలబడ్డాడు. మా చెల్లి ఇంకో అడుగు ముందుకేసి చెయ్యి పట్టుకుంది. అప్పుడు తెలిసింది, మాట ఒక్కటే నేర్పితే చాలదు, కాళ్ళకు కూడా నేర్పాలి. అనడం, వెనక్కి తిరగడం, టీచర్ దగ్గరికి పరిగెత్తడం మూడూ ఒక్క ఊపులో జరగాలి. "ఏం పేరు?" అని అడగడానికి ఆగకూడదు.

కొన్నాళ్ళకు సరిగ్గా చేశాడు. తర్వాత మాటలు మార్చాం. "మీ అమ్మకి ఒంట్లో బాలేదు, నన్ను పంపింది." "మీ టీచర్ అక్కడున్నారు, నిన్ను తీసుకురమ్మన్నారు." ఈ రెండోదానికి బోల్తా పడ్డాడు, ఎందుకంటే అందులో టీచర్ పేరుంది. కాబట్టి ఆ రకం తప్పకుండా ఆడించండి. టీచర్ రమ్మన్నారని ఎవరైనా చెప్తే చాలదు, టీచర్ నోటి నుంచి పిల్ల చెవిన పడాలి.

భయం ఎక్కడా రాలేదండీ. వాడికిది దొంగా పోలీసు ఆట. ఇప్పుడు వాడే వచ్చి "నేను కుక్కపిల్ల అంకుల్‌ని అవుతా, నువ్వు పరిగెత్తు" అంటాడు.

పెద్దరికం

ఇవన్నీ పుస్తకాల్లో బాగుంటాయి. మా చిన్నప్పుడు "బూచాడు ఎత్తుకుపోతాడు" అంటే చాలు, గుమ్మం దాటేవాళ్ళం కాదు. భయం ఉంటేనే జాగ్రత్త ఉంటుంది.

కొండదారి

పెద్దరికం గారూ, గుమ్మం దాటకుండా ఉండటానికి భయం పనికొస్తుందేమో. గుమ్మం దాటి తప్పిపోయిన పిల్లకు అదే భయం ముప్పు తెస్తుంది.

2005 జూన్‌లో అమెరికాలోని యూటా కొండల్లో స్కౌట్ క్యాంపు నుంచి 11 ఏళ్ళ అబ్బాయి తప్పిపోయాడు. నాలుగు రోజులు దొరకలేదు. వందలమంది వెతికారు. చివరికి క్షేమంగానే దొరికాడు. తీరా అడిగితే తెలిసిందేంటంటే, దారిలో మనుషులు కనపడ్డప్పుడు పక్కకు తప్పుకున్నాడట. తెలియనివాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదని ఇంట్లో చెప్పారు, ఎవరైనా ఎత్తుకుపోతారని భయపడ్డాడు. తన కోసం వచ్చినవాళ్ళనే చూసి దాక్కున్నాడన్నమాట. కొండల మీద రాత్రిళ్ళు చలి. ఇంకో రెండు రోజులైతే ఏమయ్యేదో ఊహించుకోండి.

అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం 1984లో పెట్టిన జాతీయ కేంద్రం కూడా 'స్ట్రేంజర్ డేంజర్' (తెలియనివాడంటే ప్రమాదమే) అనే పాత నినాదాన్ని పక్కన పెట్టేసింది.

నేను ట్రెక్కింగ్ గ్రూపులతో తిరుగుతుంటాను. పిల్లలకు రెండు మాటలు చెప్తాం. తప్పిపోయామని తెలిసిన క్షణం ఎక్కడున్నావో అక్కడే ఆగు, మేం వెనక్కి వస్తాం. నీ కోసం అరుస్తున్నవాళ్ళు కనపడితే నువ్వూ అరువు, వాళ్ళు నీకు తెలియకపోయినా సరే. చిన్నపిల్లల మెడలో ఒక ఈల వేస్తాం. గొంతు అలిసిపోతుంది, ఈలకు అలుపు లేదు. మూడుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం. బస్సులో మాత్రం ఊదనివ్వకండి, డ్రైవర్ దించేస్తాడు.

తూనీగ_అమ్మ

జూలో తప్పిపోతే? అక్కడే ఆగమంటే పాప ఆగదు, ఏడుస్తూ నన్నో టీచర్‌నో వెతుక్కుంటుంది. పోలీసు దగ్గరికో సెక్యూరిటీ దగ్గరికో వెళ్ళమని చెప్పనా?

బెల్లు_కొట్టారు

ఆరేళ్ళ పిల్లకు పోలీసుకీ, సెక్యూరిటీకీ, ఖాకీ చొక్కా వేసుకున్న ఇంకెవరికైనా తేడా తెలియదు. పైగా ఆ క్షణంలో యూనిఫాం మనిషి ఎక్కడున్నాడో వెతుక్కుంటూ ఇంకా దూరం పోతుంది. "పిల్లలతో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్ళు" అని చెప్పండి. జూలో ఏ మూల చూసినా అలాంటి ఆవిడ ఒకరుంటారు, సాధారణంగా పిల్లను టీచర్లకు అప్పగించేదాకా వదలరు కూడా. లేదంటే టికెట్లు ఇచ్చే కౌంటర్. లోపలికి వెళ్ళగానే "తప్పిపోతే ఇక్కడికి రావాలి" అని టీచరే ఒకచోటు వేలు పెట్టి చూపిస్తే ఇంకా మంచిది. మేం జిరాఫీ బొమ్మ లాంటిది ఏదైనా చూపిస్తాం. 'ఎంట్రన్స్' అంటే పిల్లలకు గుర్తుండదు.

వెళ్ళాక ఏమనాలో కూడా నేర్పండి. ఊరికే ఏడిస్తే, పక్కనున్న పెద్దవాళ్ళు "వాళ్ళమ్మ తిట్టిందేమోలే" అనుకుని పోతారు. "నేను తప్పిపోయాను, మా టీచర్ కావాలి" అనాలి. ఎవరైనా బలవంతంగా లాక్కెళ్తుంటే "వదులు" అని అరిస్తే మొండికేస్తున్న పిల్ల అనుకుంటారు. "ఈయన మా నాన్న కాదు!" అని అరవాలి. ఈ ఒక్క వాక్యానికి చుట్టూ ఉన్న తలలన్నీ తిరుగుతాయి. బ్యాగు పట్టుకుని లాగితే బ్యాగు వదిలేసి పరిగెత్తమనండి. చాలామంది పిల్లలు బ్యాగు పోతే అమ్మ తిడుతుందని వదలరు. తిట్టనని మీరు ముందే మాటివ్వండి.

సిల్క్_దారం

మా ఇంట్లో సీక్రెట్ పాస్‌వర్డ్ పెట్టుకున్నాం. ఎవరైనా "మీ అమ్మ పంపింది" అంటే మా పాప పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలా బాగా పని చేస్తోంది. మీరూ పెట్టుకోండి.

గోరింటాకు

సిల్క్_దారం గారూ, మీ పాపకు ఎన్నేళ్ళు? తొమ్మిది పదేళ్ళైతే బాగుంటుంది. మా వాడికి పెట్టి చూశాం. మర్నాడే లిఫ్టులో పక్క ఫ్లాటావిడకు "మా సీక్రెట్ మాట ఏంటో తెలుసా?" అని చెప్పేశాడు. ఆరేళ్ళకు "ముందు టీచర్‌ని అడగాలి" చాలు, అందులో దాచాల్సిందేం లేదు.

సిల్క్_దారం

పదేళ్ళు :) సరే, ఒప్పుకున్నాను.

గుడారం

తూనీగ_అమ్మ గారు క్యాంపు సంగతి కూడా అడిగారు, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను కొన్నేళ్ళు పిల్లల క్యాంపుల్లో పనిచేశాను. పగటి ట్రిప్‌కీ రాత్రి క్యాంపుకీ పోలికే లేదు, దయచేసి రెండింటికీ ఒకే చెక్‌లిస్టు వాడకండి.

పగటి ట్రిప్‌లో మీ భయం బయటివాళ్ళ గురించి. అమెరికాలో ప్రభుత్వం చేయించిన సర్వే ప్రకారం 2011లో బొత్తిగా తెలియనివాళ్ళో, ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్ళో పిల్లల్ని ఎత్తుకెళ్ళి బంధించడం, దూరం తీసుకెళ్ళడం లాంటి తీవ్రమైన ఘటనలు సుమారు 105. అంత పెద్ద దేశంలో. అలాగని కొట్టిపారేయమనడం లేదు. కానీ పిల్లల మీద జరిగే లైంగిక హింసలో ఎక్కువ భాగం పిల్లకు ముందే తెలిసినవాళ్ళు చేసేదే. క్యాంపులో రెండో రోజు సాయంత్రానికల్లా వాలంటీర్ అన్నయ్య పిల్లలకు 'తెలిసినవాడు' అయిపోతాడు. పాటలు నేర్పాడు, బూట్ల లేసులు కట్టాడు, చీకట్లో టార్చి పట్టుకున్నాడు. నూటికి తొంభైతొమ్మిది మంది నిజంగా మంచివాళ్ళే. కానీ క్యాంపు నడిపేవాళ్ళు మనుషుల మంచితనం మీద ఆధారపడకూడదు, పద్ధతి మీద ఆధారపడాలి.

స్కౌట్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి ఒకటుంది. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఎవరితోనైనా విడిగా మాట్లాడాల్సి వస్తే అందరికీ కనపడే చోట మాట్లాడాలి. పిల్లలేమో జతలుగా తిరగాలి, టాయిలెట్‌కైనా సరే. మీ క్యాంపు వాళ్ళను "రాత్రి రెండింటికి మా పాప టాయిలెట్‌కి లేస్తే ఏం జరుగుతుంది?" అని అడగండి. ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తెలియదు. ఎవరు లేస్తారు, ఎవరు వెంట వెళ్తారు, టాయిలెట్ ఎంత దూరం, దారిలో లైటు ఉందా, అక్కడికి బయటివాళ్ళు రాగలరా, అన్నీ ఆ ఒక్క జవాబులో బయటపడతాయి. "పిల్లలు రాత్రి లేవరండీ" అన్నారంటే వాళ్ళెప్పుడూ పిల్లలతో పడుకోలేదన్నమాట.

పనివాళ్ళను ఎలా తీసుకున్నారో కూడా అడగండి. పాత ఉద్యోగాల్లో విచారించారా, పోలీసు వెరిఫికేషన్ చేయించారా? టీచర్లకే కాదు, డ్రైవర్, వంటవాళ్ళు, ఫొటోలు తీసేవాడు, ఒక్కపూట మేజిక్ షో చెయ్యడానికి వచ్చేవాడు కూడా లెక్కలోకొస్తారు. చివర్లో చెప్పినవాళ్ళనే అందరూ మర్చిపోతారు. విచారించడం కుదరని మనిషైతే పిల్లల దగ్గర ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండకుండా చూడాలి.

సంఖ్యల మాటకొస్తే, అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు పగటి క్యాంపులో ఎనిమిది మందికి ఒకరు, రాత్రి ఉండే క్యాంపులో ఆరుగురికి ఒకరు. రాత్రికి మనుషులు పెరగాలి. చాలాచోట్ల రాత్రికి తగ్గిపోతారు, ఎలాగూ పడుకుంటారు కదా అని.

పాపకు చెప్పాల్సిన మాట ఒకటుంది. "అమ్మకి చెప్పొద్దు" అని ఎవరైనా అంటే అది అమ్మకి తప్పకుండా చెప్పాల్సిన విషయం. ఎవరన్నా సరే, అన్నయ్యైనా, టీచరైనా, తాతయ్యైనా.

పెద్దరికం

ఈ రాత్రి రెండింటి ప్రశ్న బాగుంది. మా మనవడి క్యాంపు వాళ్ళకు నేనే ఫోన్ చేసి అడుగుతాను.

బ్యాటరీ_లో

ఇంత హైరానా ఎందుకండీ? జీపీఎస్ వాచీ కట్టండి, లేదా బ్యాగులో ఒక ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోన్లో చూపించే చిన్న బిళ్ళ) పడెయ్యండి. ఫోన్లో చూసుకుంటూ కూర్చోవచ్చు.

రాత్రి_డ్యూటీ_నాన్న

పెట్టండి, తప్పేం లేదు. కానీ అది వాచీ ఎక్కడుందో చెప్తుంది, పిల్ల ఎక్కడుందో కాదు. గోరింటాకు గారి చెల్లెలు కారు ఎక్కించేస్తే, చేతి నుంచి వాచీ తియ్యడం ఎంతసేపు? ఎయిర్‌ట్యాగ్‌ని యాపిల్ వాళ్ళు వస్తువుల కోసమే చేశామన్నారు, మనుషుల్ని కనిపెట్టడానికి కాదని వాళ్ళే చెప్పారు. దాంట్లో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల ఉన్న యాపిల్ ఫోన్లు బ్లూటూత్ ద్వారా దాన్ని పసిగట్టి చెప్పాలి. అడవి క్యాంపులో చుట్టూ ఫోన్లెక్కడివి?

పైగా మీరు మధ్యాహ్నమంతా ఆ చుక్క వంకే చూస్తూ, అది పది నిమిషాలు కదలకపోతే టీచర్‌కి ఫోన్ చేస్తారు. ముప్పైమంది తల్లిదండ్రులు అలాగే చేస్తే ఆవిడ పిల్లల్ని చూస్తుందా, ఫోన్ చూస్తుందా?

బెల్లు_కొట్టారు

మీ నోట్లో చక్కెర పొయ్య! ఇదే నేను చెప్పలేక మింగేస్తున్నాను. దీంతోపాటు ఇంకోటి: ట్రిప్ జరుగుతుండగా ఫొటోలు పెట్టమని అడగకండి. మీరడుగుతారని టీచర్లు గంటకోసారి గ్రూపులో పెడతారు, మీరు స్టేటస్‌లో పెడతారు, మీ తమ్ముడు ఇంకోచోట పెడతాడు. ఏ స్కూలు పిల్లలు, ఈ క్షణంలో ఎక్కడున్నారు, ఏ రంగు టోపీలు, అన్నీ అందరికీ తెలిసిపోతాయి. ఇంటికొచ్చాక ఎన్ని ఫొటోలైనా చూసుకోవచ్చు.

మీరు మాత్రం ఆ రోజు పొద్దున బయలుదేరేముందు పాపను నిలబెట్టి ఒక ఫొటో తీసుకోండి, తల నుంచి చెప్పుల దాకా. ఎప్పుడైనా వెతకాల్సొస్తే "ఏం బట్టలేసుకుంది?" అన్న ప్రశ్నకు తల్లులు కూడా తడబడతారు.

ముద్దబంతి

బ్యాగు మీద పేరు రాయకూడదంటారు నిజమేనా? పేరు పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్ళనుకుని వెళ్ళిపోతారని చదివాను. మా స్కూల్లో గుండె మీద పెద్దక్షరాలతో పేరు స్టిక్కర్ అంటిస్తారు.

కొండదారి

పేరు వినపడటానికి స్టిక్కరే అక్కర్లేదు, టీచర్ రోజంతా గట్టిగా పిలుస్తూనే ఉంటుంది. చెవులున్న ఎవరికైనా పదినిమిషాల్లో పది పేర్లు తెలుస్తాయి. కాబట్టి "నా పేరు తెలిసినంత మాత్రాన నేను వెళ్ళను" అనేది నేర్పడమే అసలు పని. అయినా బయటికి కనపడేలా స్కూలు పేరు, ఫోన్ నంబరు ఉంచి, పిల్ల పేరు లోపలివైపు రాస్తే పోయేదేం లేదు.

నిమిషం_ముల్లు

నేను పెద్ద షాపింగ్ సెంటర్లో సెక్యూరిటీ చూసుకుంటాను. నా వైపు నుంచి ఒక్క విషయం. పిల్ల కనపడట్లేదని తెలిశాక టీచర్లు చేసే మొదటి పని ఏంటో తెలుసా? తామే వెతకడం. పావుగంట వాళ్ళలో వాళ్ళే పరిగెత్తి, అప్పుడొచ్చి మాకు చెప్తారు. పరువు పోతుందని. ఆ పావుగంటలో గేట్లన్నీ బార్లా తెరిచే ఉంటాయి.

అమెరికాలో 1994 నుంచి 'కోడ్ ఆడం' అని ఒక పద్ధతి ఉంది. వాల్‌మార్ట్ దుకాణాల్లో మొదలైంది. 1981లో ఒక దుకాణం నుంచి మాయమై హత్యకు గురైన ఆడం వాల్ష్ అనే బాబు పేరు పెట్టారు. అందులో ఉన్నది ఇంతే: పిల్ల తప్పిపోయిందని చెప్పగానే గుర్తులు రాసుకుని మైకులో చెప్తారు, బయటికెళ్ళే దారులన్నిటి దగ్గరా మనుషులు నిలబడతారు, మిగతావాళ్ళు వెతుకుతారు. పది నిమిషాల్లో దొరక్కపోతే పోలీసులకు ఫోన్. ముందు గేట్లు, తర్వాత వెతుకులాట. మీ స్కూలు వాళ్ళను "ఎవరైనా తప్పిపోతే మొదట ఎవరికి చెప్తారు?" అని అడగండి. "అలా జరగదండీ" అనేది జవాబు కాదు.

తూనీగ_అమ్మ

అందరికీ థాంక్స్. స్కూలుకి వెళ్ళొచ్చాను. మొత్తానికి ఫరవాలేదనిపించింది. ఎనిమిది మందికి ఒక టీచర్, పేర్లతో లిస్టు చూపించారు. టాయిలెట్ విషయం అడిగితే ఆయా గుమ్మం దగ్గర నిలబడుతుందన్నారు. తప్పిపోతే ఏం చేస్తారంటే ప్రిన్సిపాల్ గారు కాస్త ఇబ్బందిపడి, ముందు జూ ఆఫీసుకే ఫోన్ చేసేలా రాసుకుంటామన్నారు. టోపీల మాట చెప్తే నవ్వారు కానీ, జేబుకి వేరే రంగు రిబ్బను పిన్ను చేస్తామన్నారు.

ఒక్కచోటే తేలలేదు. సాయంత్రం బస్సు దిగాక పిల్లల్ని ఎవరికి అప్పగిస్తారంటే, "ఎవరొస్తే వాళ్ళకేనండీ, పిల్లలు గుర్తుపడతారుగా" అన్నారు. నాకు నచ్చలేదు. మళ్ళీ అడిగితే విసుక్కున్నారు.

బెల్లు_కొట్టారు

విసుక్కోనివ్వండి. రోజంతా బాగా చూసి ఆఖరి అయిదు నిమిషాల్లో వదిలేస్తే ఏం లాభం? చీకటి పడుతుంటుంది, పిల్లలు నిద్రమొహాలతో ఉంటారు, హారన్లు మోగుతుంటాయి. ఎవరు తీసుకెళ్తారో మీరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి క్లాస్ టీచర్‌కివ్వండి. ఇంకో నలుగురు తల్లుల చేత కూడా ఇప్పించండి. అయిదు కాగితాలొస్తే వాళ్ళే లిస్టు తయారుచేస్తారు.

ముద్దబంతి

మా బాబుకి మాటలు సరిగ్గా రావు, ఆటిజం ఉంది. పైవన్నీ వాడికి కుదరవు. ఏం చెయ్యను?

గోరింటాకు

ముద్దబంతి అక్కా, వాడికి మాత్రం ఒకరికి ఒకరు చొప్పున మనిషి కావాలని రాసివ్వండి. కుదరదంటే మీరు కూడా బస్సెక్కుతానని అడగండి, చాలా స్కూళ్ళు ఒప్పుకుంటాయి. నీళ్ళున్న చోట్లు ఏమున్నాయో ముందే కనుక్కోండి. ఆటిజం ఉన్న పిల్లలు చెయ్యి విడిపించుకుని నీళ్ళ వైపు వెళ్ళిపోవడం తరచూ జరుగుతుంది. వాడు కనపడకపోతే ముందు వెతకాల్సింది అక్కడే అని టీచర్లకు చెప్పండి.

తూనీగ_అమ్మ

ఆట మొదలెట్టాం. మా అత్తగారే కుక్కపిల్ల ఆవిడ. ఎంత బాగా నటించారంటే పాప రెండుసార్లు వెళ్ళిపోయింది, మూడోసారి పరిగెత్తింది.

ఇంకో చిన్న సందేహం. చేతికి కట్టే బ్యాండ్ మీద ఎవరి నంబరు రాయాలి? నాదా, టీచర్‌దా?

బెల్లు_కొట్టారు

పైన ట్రిప్‌లో ఉన్న టీచర్‌ది, కింద మీది. పాప దొరికిన చోటుకు రెండు నిమిషాల్లో రాగలిగేది ఆవిడే. స్కూలు ల్యాండ్‌లైన్ రాయకండి, ఆ రోజు ఆఫీసులో ఎవరూ ఎత్తరు. చెరిగిపోని పెన్నుతో రాసి, పైన పారదర్శకమైన టేపు అంటించండి, చేతులు కడిగేటప్పుడు తడుస్తుంది.